విశ్వం విస్తరణ, విశ్వం మొదలు: బిగ్ బ్యాంగ్‌కి పోటీ సిద్ధాంతాల్లో ఏవి నిలబడ్డాయి?

కోటిపల్లి_రేవు

నమస్కారమండి. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి మా హైస్కూలు పిల్లలూ, ఇంటర్ పిల్లలూ కలిసి ప్రదర్శన పెడుతున్నారు. అంశం వాళ్లే ఎంచుకున్నారు: "బిగ్ బ్యాంగ్ తప్పయితే?" మూడు చార్టులు సిద్ధమయ్యాయి. ఒకటి అలసిన కాంతి (విస్తరణ లేదు, దారిలో కాంతి శక్తి పోగొట్టుకుని ఎర్రబడుతుందన్నది), రెండోది స్థిరస్థితి విశ్వం (ఎప్పుడూ ఒకేలా ఉంటుందన్నది), మూడోది చక్రీయ విశ్వం (విస్తరించి, కుంచించుకుని, మళ్లీ విస్తరిస్తుందన్నది). మూడింటినీ ఒకే వరసలో, ఒకే సైజులో గీశారు. చూసేవాళ్లకి మూడూ ఒకే బలం ఉన్నవని అనిపిస్తుంది. ఏది పరీక్షలో పోయింది, ఏది ఇంకా పరీక్ష దాకా రాలేదు అన్నది చార్టు చూడగానే తెలియాలి. అది ఎలా విడదీయాలో చెప్పండి.

ఇంకో సంగతి. పిల్లలు సొంతంగా లెక్క కట్టి తేల్చుకోగలిగిన పరీక్ష ఒక్కటైనా కావాలి. ఒక ల్యాప్‌టాప్, ఎక్సెల్, నెట్ ఉన్నాయి. టెలిస్కోప్ లేదు. బెలూన్ మీద చుక్కలు పెట్టి ఊదడం చేసి చూశారు గానీ, "మరి మధ్యలో ఏముంది?" అని అడిగితే జవాబు రావడం లేదు.

వశిష్ఠ_పాయ

మాస్టారూ, చిక్కు సైజుల్లో లేదండి, వరసలోనే ఉంది. రెండు వేరు వేరు ప్రశ్నలు ఒకే గోడ మీద కలిసిపోయాయి. విశ్వం విస్తరిస్తోందా అన్నది ఒక ప్రశ్న. ఆ విస్తరణకి మొదలంటూ ఉందా, ఉంటే అక్కడ ఏం జరిగింది అన్నది ఇంకో ప్రశ్న. అలసిన కాంతి మొదటి ప్రశ్నకే "లేదు" అంటుంది. స్థిరస్థితి సిద్ధాంతం విస్తరణని ఒప్పుకుంటుంది, మొదలుని ఒప్పుకోదు. ఇప్పటి చక్రీయ నమూనాలకి విస్తరణతో పేచీయే లేదు, దానికి ముందేముందన్నదే వాటి గొడవ. మొదటి ప్రశ్నకి జవాబు గట్టిగా వచ్చేసింది. రెండోది నిజంగానే తెరిచి ఉంది. గోడని ఈ రెండు భాగాలుగా చీల్చండి, సగం తికమక అక్కడే పోతుంది.

స్థిరస్థితి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దాన్ని చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తారు. 1929లో హబుల్ ఇచ్చిన విస్తరణ రేటు మెగాపార్సెక్‌కి (అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి) సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు. దాన్ని తిరగేస్తే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లకి మించదు. భూమ్మీద రాళ్ల వయసే అంతకన్నా ఎక్కువని తేలింది. తల్లి కన్నా బిడ్డ పెద్దదయిందన్నమాట. 1948లో బాండీ, గోల్డ్, హోయిల్ స్థిరస్థితిని ప్రతిపాదించినప్పుడు ఈ ఇబ్బంది వాళ్లకి బలమైన ఆధారం. 1952లో బాడే, దూరాలు కొలవడానికి వాడే సెఫీడ్ నక్షత్రాల్లో రెండు రకాలున్నాయని చూపించి దూరాల్ని రెట్టింపు చేశాడు. 1958కి శాండేజ్ ఆ రేటుని 75 దగ్గరికి దించాడు. ఇప్పుడు 70 అని పెట్టుకుని తిరగేస్తే 1,400 కోట్ల ఏళ్లు వస్తుంది. పేచీ పోయింది.

ఈ సిద్ధాంతంలో విస్తరించే కొద్దీ కొత్త పదార్థం పుట్టి ఖాళీని పూడుస్తూ ఉండాలి. ఎంత పుట్టాలి? ఇప్పటి సగటు సాంద్రత, కంటికి కనిపించని డార్క్ మేటర్, విస్తరణ వేగాన్ని పెంచే డార్క్ ఎనర్జీ అన్నీ కలుపుకుని, ఘనమీటరుకి అయిదారు హైడ్రోజన్ పరమాణువులకి సమానం. దాన్ని విస్తరణ రేటుతో, తర్వాత 3తో గుణించాలి. ఘనమీటరుకి దాదాపు 85 కోట్ల ఏళ్లకి ఒక్క పరమాణువు వస్తుంది. మన వైపు పిల్లలకి చెప్పాలంటే ఎకరం రొయ్యల చెరువు తీసుకోండి. అయిదడుగుల లోతు నీరుంటే సుమారు 6,000 ఘనమీటర్లు. అంత చెరువులో లక్షా నలభై వేల ఏళ్లకి ఒక్క పరమాణువు కొత్తగా పుడితే చాలు. అందుకే ఈ సిద్ధాంతాన్ని ఏ ప్రయోగశాలా తప్పని నిరూపించలేదు. ఆకాశంలోనే తేలాలి.

అక్కడే తేలింది కూడా. విశ్వం ఎప్పుడూ ఒకేలా ఉండాలన్నది వాళ్ల మాట కాబట్టి, దూరంగా చూసినా దగ్గర చూసినా ఒకే రకం వస్తువులు కనిపించాలి. రేడియో మూలాల లెక్కలు అలా రాలేదు. దూరం పోయేకొద్దీ, అంటే వెనకటి కాలంలో, మసకవి ఎక్కువయ్యాయి. 1955లో రైల్ బృందం ఇచ్చిన మొదటి లెక్కల్లో పొరపాట్లున్నాయి. హోయిల్ వాటిని శంకించడం న్యాయమే. 1961 నాటి మెరుగైన లెక్కలు మాత్రం అదే చెప్పాయి. 1965లో పెంజియాస్, విల్సన్ నేపథ్య వికిరణాన్ని, అంటే వేడి తొలి విశ్వం నుంచి మిగిలి ఆకాశమంతటి నుంచీ వచ్చే మైక్రోవేవ్ వెలుగుని, ప్రకటించారు. స్థిరస్థితిలో దానికి సహజమైన చోటు లేదు.

నా దృష్టిలో దీనికి సూటి దెబ్బ 2000 సంవత్సరంలో పడింది. పుణేలోని ఖగోళ పరిశోధన సంస్థ అయూకాకి చెందిన శ్రీఆనంద్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి, రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే అంకె, పెరిగితే దూరం పెరిగినట్టు) 2.34 ఉన్న వాయుమేఘంలో నేపథ్య వికిరణం ఉష్ణోగ్రతని కొలిచారు. 6 నుంచి 14 కెల్విన్ల మధ్య వచ్చింది. విస్తరించే వేడి విశ్వం లెక్క ప్రకారం 2.725 × 3.34, అంటే 9.1 ఉండాలి. పాత స్థిరస్థితి ప్రకారమైతే అప్పుడూ 2.7 ఉండాలి.

హీలియం సంగతి కూడా ఆ చార్టులో పెట్టండి. విశ్వంలో మామూలు పదార్థపు బరువులో నాలుగో వంతు హీలియమే. నక్షత్రాలు ఇప్పటిదాకా వండినది అందులో చిన్న భాగం. మిగతాదంతా మొదటి కొద్ది నిమిషాల వేడిలో తయారైందన్న లెక్క సరిపోతుంది. 1964లో ఈ హీలియం ఎక్కడిదని గట్టిగా అడిగినవాళ్లలో హోయిల్ కూడా ఉన్నాడు. తన సిద్ధాంతానికే ఇబ్బంది తెచ్చే ప్రశ్న అది, అయినా దాచలేదు. హీలియం గుట్టు బయటపడింది 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణం పరిశీలనల నుంచి. ఆ గ్రహణాన్ని గుంటూరులోనూ మచిలీపట్నంలోనూ మకాం వేసి చూశారు. మన పక్క డెల్టాయే అని పిల్లలకి తప్పకుండా చెప్పండి.

తుల్యభాగ

పరీక్ష నేను చెబుతానండి. ఎక్సెల్‌తో ఒక పూట పని.

పాంథియన్ ప్లస్ అనే సూపర్‌నోవా పట్టిక నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1,550 టైప్ 1ఏ సూపర్‌నోవాలు (దాదాపు ఒకే అసలు ప్రకాశంతో పేలే నక్షత్రాలు), 1,701 వరుసలు. కొన్నింటిని ఒకటి కన్నా ఎక్కువ సర్వేలు చూశాయి, అందుకే వరుసలు ఎక్కువ. మీకు కావలసినవి రెండే కాలమ్‌లు: రెడ్‌షిఫ్ట్ (దాన్ని జెడ్ అందాం), దూర మాపకం. దూర మాపకం పెరిగితే వస్తువు మసకబారినట్టు.

ఇప్పుడు పక్క షీట్‌లో ఒక్కో సిద్ధాంతం చెప్పే దూరం కట్టండి. కాంతి వేగాన్ని 70తో భాగిస్తే 4,283 మెగాపార్సెక్‌లు. దాన్ని "మూల దూరం" అని ఒక గడిలో పెట్టుకోండి. అలసిన కాంతికి: మూల దూరం × (1+జెడ్) సహజ లాగరిథమ్ × (1+జెడ్) వర్గమూలం. స్థిరస్థితికి: మూల దూరం × జెడ్ × (1+జెడ్). ఏమీ లేని ఖాళీ విశ్వానికి: మూల దూరం × (జెడ్ + జెడ్ వర్గంలో సగం). ప్రామాణిక నమూనాకి (ఇప్పుడు ఎక్కువమంది వాడే, డార్క్ ఎనర్జీ కలిపిన బిగ్ బ్యాంగ్ నమూనాకి) సూత్రం నేరుగా రాదు, కూడాలి. ఒక కాలమ్‌లో 0, 0.01, 0.02 అలా 2 దాకా వేయండి. పక్కన 0.3 × (1+జెడ్) ఘనం + 0.7 అని కట్టి, దాని వర్గమూలంతో 1ని భాగించండి. పక్కపక్క రెండు విలువల సగటుని 0.01తో గుణించి వరసగా కూడుకుంటూ పోండి. జెడ్ 0.5 దగ్గర మొత్తం 0.441, జెడ్ 1 దగ్గర 0.771 వస్తే లెక్క సరైనది. రాకపోతే అక్కడే ఆగి తప్పు వెతకండి. ఆ మొత్తాన్ని మూల దూరంతోనూ, (1+జెడ్)తోనూ గుణిస్తే దూరం.

ఏ దూరాన్నైనా మాపకంగా మార్చాలంటే 10 ఆధారంగా లాగరిథమ్ తీసి, 5తో గుణించి, 25 కలపాలి. ఇవి రావాలి:

జెడ్ 0.5 దగ్గర అలసిన కాంతి 41.64, ఖాళీ విశ్వం 42.14, ప్రామాణిక నమూనా 42.26, స్థిరస్థితి 42.53.

జెడ్ 1 దగ్గర అలసిన కాంతి 43.12, ఖాళీ విశ్వం 44.04, ప్రామాణిక నమూనా 44.10, స్థిరస్థితి 44.66.

జెడ్ 1 దగ్గర అలసిన కాంతికీ ప్రామాణిక నమూనాకీ ప్రకాశం కొలమానంలో ఒక మాగ్నిట్యూడ్ తేడా. అలసిన కాంతి నిజమైతే ఆ సూపర్‌నోవాలు ఇప్పుడు కనిపిస్తున్న దాని కన్నా రెండున్నర రెట్లు ప్రకాశంగా ఉండాలి. ఒక్కో సూపర్‌నోవా కొలతలో చెదురు 0.15 దరిదాపుల్లోనే కాబట్టి ఇది కంటికే కనిపిస్తుంది. స్థిరస్థితి అటు వైపు తప్పుతుంది, మరీ మసకగా చెబుతుంది. వేగం పెరుగుతూ విస్తరించాలన్నది దాని లెక్కలో 1948 నుంచే ఉంది. 1998లో త్వరణం బయటపడినప్పుడు దిశ ఆ సిద్ధాంతం చెప్పినదే, పరిమాణం మాత్రం అది చెప్పినంత లేదు. ఖాళీ విశ్వానికీ ప్రామాణిక నమూనాకీ తేడా 0.1 మాత్రమే. ఎక్సెల్ గీత మీద చూసి దాన్ని తేల్చగలమని పిల్లలకి చెప్పకండి.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే, ముందుగా లాగరిథమ్ దగ్గర. ఎక్సెల్‌లో ఎల్ఎన్ వేరు, లాగ్ వేరు. అలసిన కాంతి దూరానికి ఎల్ఎన్ వాడాలి, మాపకానికి లాగ్ వాడాలి. తారుమారైతే 0.693 బదులు 0.301 వచ్చి ఆ సిద్ధాంతానికి అన్యాయం జరుగుతుంది. తర్వాత, ఆ పట్టికలో మాపకాలు 73 రేటుకి సరిచేసి ఇచ్చినవి. మీరు 70 వాడితే అన్ని చుక్కలూ 0.09 మేర ఒకే వైపు జరిగి కనిపిస్తాయి. భయపడొద్దు. జెడ్ 0.02 నుంచి 0.08 మధ్య చుక్కలకి గీత అతికేలా మొత్తాన్ని పైకో కిందకో జరపండి. అంత దగ్గర్లో అన్ని సిద్ధాంతాలూ దాదాపు ఒకే మాట చెబుతాయి కాబట్టి ఇందులో ఎవరికీ పక్షపాతం లేదు. చివరిగా, జెడ్ 0.01 కన్నా తక్కువ ఉన్నవి తీసెయ్యండి. గెలాక్సీలకి సొంత కదలిక సెకనుకు 300 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ విస్తరణ వేగమే 3,000. దూరంలో పదో వంతు తప్పు వస్తుంది.

వశిష్ఠ_పాయ

తుల్యభాగ గారు చెప్పినదానికి ఒక్క మాట కలపాలి. ఈ గ్రాఫు చూపించగానే అలసిన కాంతి పక్షం వాళ్లు "మధ్యలో ధూళి ఉంది, అందుకే మసక" అంటారు. న్యాయమైన అభ్యంతరమే. అందుకని ప్రకాశంతో సంబంధం లేని పరీక్ష కావాలి. అది కాలం సాగడం.

విస్తరణ ఉంటే దూరపు సూపర్‌నోవా వెలిగి ఆరడం కూడా (1+జెడ్) రెట్లు నెమ్మదిగా కనపడాలి. దగ్గర్లో 15 రోజుల్లో తగ్గే వెలుగు జెడ్ 0.5 దగ్గర 22 రోజులన్నర, జెడ్ 1 దగ్గర 30 రోజులు తీసుకోవాలి. దారిలో కాంతి అలసిపోతే రంగు మారుతుంది గానీ రోజులు సాగవు. ధూళి కూడా రోజుల్ని సాగదీయలేదు. 2024లో డార్క్ ఎనర్జీ సర్వే బృందం 1,504 సూపర్‌నోవాలతో చూసింది. సాగుడు (1+జెడ్) మీద ఘాతం 1.003 వచ్చింది, కొలతలో అటూ ఇటూ నూటికి ఒక వంతు తేడా ఉండొచ్చు. విస్తరణ అయితే 1, అలసిన కాంతి అయితే 0 రావాలి.

పిల్లలు ఇది సొంతంగా చేయబోతే రెండు గుంటలున్నాయి. పాంథియన్ పట్టికలో ఉండే "సాగుడు" కాలమ్ వాడకూడదు. అది ముందే (1+జెడ్)తో భాగించి ఇచ్చినది. దానితో పరీక్షిస్తే అనుకున్నదే తిరిగి చేతికొస్తుంది. ముడి వెలుగు వక్రాలే తీసుకోవాలి. రెండోది ఫిల్టర్. జెడ్ 0.5 దగ్గర సూపర్‌నోవా నీలం వెలుగు మన దగ్గరికి వచ్చేసరికి ఎరుపులో ఉంటుంది. దగ్గరి దాన్ని నీలం ఫిల్టర్‌లో చూసి, దూరపు దాన్నీ నీలంలోనే చూస్తే, నిజానికి దాని అతినీలలోహిత కాంతిని చూస్తున్నట్టు. అది త్వరగా ఆరిపోతుంది. సాగుడు కనిపించకుండా పోతుంది.

ఇంకో మాట. కాంతి దారిలో దేనికో తగిలి శక్తి పోగొట్టుకుంటే దిశ కూడా కాస్త మారాలి. మంచు పట్టిన పొద్దున ఏటిగట్టు మీద దీపం చుట్టూ వెలుగు గుడి కట్టినట్టు కనిపిస్తుంది కదా, దూరపు గెలాక్సీలు అలా చెదిరి కనిపించాలి. కనిపించవు, అంచులు పదునుగా ఉంటాయి. 1929లో అలసిన కాంతిని ప్రతిపాదించిన జ్వికీకి కూడా ఈ ఇబ్బంది తెలుసు.

కోటిపల్లి_రేవు

ధన్యవాదాలండి, చాలా స్పష్టంగా ఉంది. ఒక పిల్లాడు ఇలా అడిగాడు: విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు కాదు, 2,670 కోట్లని 2023లో కెనడా నుంచి పేపరొచ్చింది, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ దాన్ని రుజువు చేసింది, మరి అలసిన కాంతి పోయిందంటారేంటి అని. వీడియోలన్నీ ఇదే చెబుతున్నాయి. ఏం చెప్పాలి?

గౌతమి_గట్టు

ఆ పేపరు ఒటావా విశ్వవిద్యాలయానికి చెందిన రాజేంద్ర గుప్తాది. అందులో అలసిన కాంతి ఒంటరిగా లేదు. విస్తరణనీ దాన్నీ కలిపి, ప్రకృతి స్థిరాంకాలు కాలంతో పాటు మారతాయని కూడా అనుకున్నారు. విస్తరణ ఉంది కాబట్టి సూపర్‌నోవా గ్రాఫు దాన్ని వెంటనే కొట్టెయ్యదు. అందుకని పిల్లాడికి "అది కూడా ఆ గ్రాఫుతోనే పోయింది" అని చెప్పకండి, తప్పవుతుంది. వేరే చోట అడగాలి.

నక్షత్రాల్ని అడగండి. సూర్యుడి బరువులో 0.8 వంతు ఉన్న నక్షత్రం ఇంధనం అయిపోవడానికి 2,000 కోట్ల ఏళ్లకి అటూ ఇటూ పడుతుంది. లోహాలు తక్కువున్న పాత నక్షత్రమైతే బాగా ముందే. విశ్వం వయసు 2,670 కోట్లయితే 1,800, 2,000 కోట్ల ఏళ్ల గుంపులు ఎక్కడో ఒకచోట ఉండాలి. గోళాకార నక్షత్ర గుచ్ఛాల్లో పెద్దవన్నీ 1,200, 1,300 కోట్ల దగ్గరే ఆగిపోతున్నాయి. చల్లారుతున్న శ్వేత మరుగుజ్జుల (ఇంధనం అయిపోయాక మిగిలిన నక్షత్రాల) లెక్క వేరే భౌతికశాస్త్రం మీద నడుస్తుంది, అదీ అక్కడికే వస్తుంది. సంబంధం లేని గడియారాలు ఒకే చోట ఆగితే ఆ చోటుకి అర్థముంటుంది.

జేమ్స్ వెబ్ చూపించినది వేరు. మొదలైన 30 కోట్ల ఏళ్లలోపే, జెడ్ 14 దగ్గర, అనుకున్న దాని కన్నా ప్రకాశమైన గెలాక్సీలున్నాయి. ఇది నిజమైన ఆశ్చర్యం. అయితే ఇబ్బంది పడినది గెలాక్సీలు ఎంత త్వరగా నక్షత్రాల్ని పుట్టిస్తాయన్న అంచనా, విస్తరణ కాదు. 2022లో వచ్చిన హడావిడిలో కొన్ని దూరాలే తప్పు. ఫిల్టర్ల రంగుల్ని బట్టి జెడ్ 16 అనుకున్న గెలాక్సీ ఒకటి, వర్ణపటం తీశాక 4.9 అని తేలింది. ధూళి, బలమైన ఉద్గార గీతలు కలిసి దూరపు గెలాక్సీ రంగుని అనుకరించాయి. చార్టులో వేసే ప్రతి గెలాక్సీ పక్కనా ఆ దూరం వర్ణపటం మీద కొలిచిందా, రంగుల మీద అంచనా వేసిందా అని రాయించండి.

ప్రామాణిక నమూనాలో నిజంగా ముడి పడి ఉన్న చోట్లు కూడా దాచకండి. విస్తరణ రేటు సూపర్‌నోవాల దారిలో 73, నేపథ్య వికిరణం దారిలో 67.4. రెండు వైపులా చెప్పుకునే తప్పు అవకాశం కన్నా తేడా చాలా ఎక్కువ. మొదటి నిమిషాల వేడిలో పుట్టాల్సిన లిథియం, లెక్కకట్టిన దానిలో మూడో వంతే కనిపిస్తుంది. 2025లో, గెలాక్సీల పటం గీసే డెసీ సర్వే, డార్క్ ఎనర్జీ బలం కాలంతో మారుతున్నట్టు సూచనలిచ్చింది. ఏ డేటాతో కలుపుతామన్న దాన్ని బట్టి 2.8 నుంచి 4.2 సిగ్మా (అది కాకతాళీయం కాదని ఎంత గట్టిగా చెప్పవచ్చో కొలిచే అంకె). తేలాలంటే 5 కావాలి. డార్క్ ఎనర్జీయే అక్కర్లేదు, విశ్వంలోని పెద్ద ఖాళీల్లో గడియారాలు వేరేగా నడవడం వల్లే త్వరణం ఉన్నట్టు అనిపిస్తోందని 2007 నుంచి విల్ట్‌షైర్ అంటున్నాడు. అది బతికున్న సిద్ధాంతం. ఆ రకం ప్రత్యామ్నాయాలకి మూడు చార్టుల్లోనూ చోటు లేకపోవడమే నాకు లోటుగా ఉంది.

వైనతేయ

స్థిరస్థితి 1965తో అయిపోయిందని ఆపకండి. మన దేశానికి సంబంధించిన భాగం ఆ తర్వాతే ఉంది. 1993లో హోయిల్, బర్బిడ్జ్, జయంత్ నార్లీకర్ కలిసి పాక్షిక స్థిరస్థితి విశ్వాన్ని ప్రతిపాదించారు. అందులో విశ్వం దీర్ఘకాలంలో పెరుగుతూనే, దాదాపు 5,000 కోట్ల ఏళ్లకోసారి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. పదార్థం ఒక్కసారి కాక, చిన్న చిన్న సృష్టి ఘటనల్లో, బరువైన గెలాక్సీ కేంద్రాల దగ్గర పుడుతుంది. మరి నేపథ్య వికిరణం? నక్షత్రాల కాంతినే మిల్లీమీటరు పొడవుండే సన్నటి ఇనుప సూదుల ధూళి పీల్చుకుని, సమంగా చల్లి విడుదల చేస్తుందన్నారు. లోహపు ఆవిరి చల్లబడితే అలాంటి మీసాల్లాంటి స్ఫటికాలు పెరుగుతాయని ప్రయోగశాలలో తెలిసినదే. గాలిలోంచి తీసిన ఊహ కాదు.

అది ఇరుక్కున్న చోటు ఏదంటే, నేపథ్య వికిరణంలోని సన్నటి హెచ్చుతగ్గులు. కొలిస్తే దాదాపు ఒక డిగ్రీ కోణం దగ్గర పెద్ద శిఖరం, తర్వాత చిన్న శిఖరాలు లయగా వస్తాయి. తొలి విశ్వంలోని వేడి ద్రవంలో ధ్వని తరంగాలుంటే ఎంతెంత దూరంలో శిఖరాలుండాలో ముందే లెక్కకట్టి ఉంది, అవి అలాగే వచ్చాయి. ఇనుప సూదుల నమూనా మొదటి శిఖరానికి గెలాక్సీ గుంపుల పరిమాణాల నుంచి ఒక వివరణ ఇవ్వగలిగింది గానీ, మొత్తం లయని అంత తక్కువ ఊహలతో రాబట్టలేకపోయింది.

నార్లీకర్ 2025 మే 20న పుణేలో కన్నుమూశారు. 1988లో ఆయన మొదలుపెట్టిన అయూకా నుంచే, వశిష్ఠ_పాయ గారు చెప్పిన ఆ 2000 నాటి కొలత వచ్చింది. తాను నమ్మిన సిద్ధాంతానికి ఎదురు నిలిచే కొలతలు చేసేవాళ్లకి కూడా ఆ సంస్థలో చోటుండడం నాకు చాలా పెద్ద విషయం. ఈ రెండూ ఒకే చార్టు మీద పక్కపక్కన ఉంటే బాగుంటుంది.

అంతర్వేది_అల

గోడ రెండో సగం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను రాస్తాను. మొదలు.

ఏకబిందువు నుంచి పుట్టిందన్నది కొలిచిన విషయం కాదు. ఐన్‌స్టీన్ సమీకరణాల్ని వెనక్కి నడిపిస్తే అక్కడికి చేరతాం, అంతే. ఆ నడకకి పునాది వేసినవాళ్లలో కలకత్తాలో పనిచేసిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి ఒకరు. 1955లో ఆయన ఇచ్చిన సమీకరణం మీదే పెన్‌రోజ్, హాకింగ్‌ల సిద్ధాంతాలు నిలబడ్డాయి. అయితే అంత సాంద్రత దగ్గర ఆ సమీకరణాలు పనిచేస్తాయన్న హామీ లేదు. అభయ్ అష్టేకర్, పావ్లోవ్‌స్కీ, పరంప్రీత్ సింగ్ 2006లో లూప్ క్వాంటమ్ పద్ధతిలో (గురుత్వానికి క్వాంటమ్ సూత్రాలు కలిపి) కట్టిన లెక్కలో సాంద్రత అనంతానికి పోదు. ప్లాంక్ సాంద్రతలో (క్వాంటమ్ గురుత్వం లెక్కలోకి రాక తప్పని సాంద్రతలో) 0.41 వంతు దగ్గర ఆగి వెనక్కి గెంతుతుంది. అంతకు ముందు కుంచించుకుంటున్న విశ్వం ఉండి ఉండాలి.

పాత చక్రీయ విశ్వానికి 1930లలోనే టోల్మన్ ఒక చిక్కు చూపించాడు. ప్రతి చక్రంలో ఎంట్రపీ, అంటే చిందరవందర, పెరుగుతుంది, దాంతో ప్రతి చక్రం ముందుదాని కన్నా పొడవవుతుంది. వెనక్కి వెళ్తే చక్రాలు చిన్నవై చిన్నవై మళ్లీ ఒక మొదలు దగ్గరికే చేరతాం. పిల్లల చార్టులో చక్రాలన్నీ ఒకే సైజులో గీసి ఉంటే అది ఈ చిక్కుని దాచేసినట్టే. 2002లో స్టైన్‌హార్ట్, టురోక్ దీన్ని వేరేగా తప్పించారు. ప్రతి చక్రంలోనూ డార్క్ ఎనర్జీ వల్ల విశ్వం విపరీతంగా సాగి, పాత ఎంట్రపీ అంతా పలచబడిపోతుంది.

వీటికి ఎదురు నిలిచేది ఇన్‌ఫ్లేషన్. అది ఎందుకు కావలసి వచ్చిందో మన ప్రాంతం లెక్కలో చెప్పవచ్చు. అంతర్వేది దగ్గర ఒక రొయ్యల చెరువు, కోరంగి దగ్గర ఇంకో చెరువు. ఏ కాలవా రెండింటినీ కలపదు. రెండింటిలోనూ ఉప్పు సరిగ్గా 15 పీపీటీ (వెయ్యికి 15 వంతులు), తేడా లక్షలో ఒక వంతు. ఎవరూ నమ్మరు, ఎప్పుడో ఒకే నీరు అయి ఉండాలంటారు. నేపథ్య వికిరణం అచ్చం అలాగే ఉంది. మామూలు విస్తరణ లెక్కలో, ఆకాశంలో దాదాపు రెండు డిగ్రీలకి, అంటే నాలుగు పున్నమి చంద్రుళ్లంత వెడల్పుకి మించి దూరంగా ఉన్న చోట్లు ఒకదాన్ని ఒకటి ఎన్నడూ తాకలేదు. అయినా వేడి ఒకటే. మొదట అంతా చిన్న చోట కలిసి ఉండి, తర్వాత ఒక్క ఊపులో సాగిందని 1981లో గూత్ అన్నాడు. కుంచించుకునే దశలో నెమ్మదిగా కలిసిందని చక్రీయ పక్షం అంటుంది.

ఇద్దర్నీ విడదీసే పరీక్ష ఒకటుంది. సాధారణ ఇన్‌ఫ్లేషన్ నమూనాల్లో తొలినాటి గురుత్వ తరంగాలు నేపథ్య వికిరణం ధ్రువణంలో సుడుల్లాంటి గుర్తు వదలాలి. స్టైన్‌హార్ట్ తరహా చక్రీయ నమూనాలో అది కనిపించనంత తక్కువ. 2014లో బైసెప్2 బృందం ఆ గుర్తు దొరికిందని ప్రకటించింది. 2015లో ప్లాంక్ ఉపగ్రహం డేటాతో కలిపి చూస్తే మన పాలపుంతలోని ధూళి ధ్రువణాన్నే చాలావరకు చూశారని తేలింది. ఒకే పౌనఃపున్యంలో, 150 గిగాహెర్ట్జ్ దగ్గర, చూడడం వల్ల వచ్చిన తప్పు అది. ధూళి పౌనఃపున్యంతో పాటు పెరుగుతుంది, నేపథ్య వికిరణం అలా పెరగదు. రెండు మూడు చోట్ల కొలిస్తేనే విడిపోతాయి. 2021 నాటి పరిమితి ప్రకారం ఆ తరంగాల పాలు, సాంద్రత హెచ్చుతగ్గులతో పోలిస్తే, 0.036 కన్నా తక్కువ. దొరికితే చక్రీయ పక్షం పెద్ద దెబ్బ తింటుంది. దొరకకపోతే మాత్రం ఎవరూ గెలిచినట్టు కాదు, ఎందుకంటే ఇన్‌ఫ్లేషన్‌లో కూడా చాలా తక్కువ తరంగాలిచ్చే నమూనాలున్నాయి.

కోటిపల్లి_రేవు

గోడని రెండుగా చీలుస్తున్నామండి. ఎడమ పక్క విస్తరణ, గ్రాఫుతో. కుడి పక్క మొదలు, చక్రాలు పెరుగుతున్నట్టు మళ్లీ గీయిస్తున్నాను. నడుమ హబుల్ రేటు ముడి, లిథియం. ఇక బెలూన్ ఒక్కటే మిగిలింది. దాన్ని తీసెయ్యాలా? బదులు ఏం పెట్టాలి?

తుల్యభాగ

బెలూన్ ఉంచుకోవచ్చు గానీ పెన్నుతో చుక్కలు వద్దు. ఊదితే చుక్క కూడా ఉబ్బుతుంది, గెలాక్సీలు కూడా సాగుతున్నాయని అనుకుంటారు. గెలాక్సీ తన గురుత్వంతో బిగిసి ఉంటుంది, సాగదు. చుక్కలకి బదులు బొట్టుబిళ్లలు అంటించండి. మధ్యలో ఏముందన్న ప్రశ్న బెలూన్‌లో గాలి ఉండడం వల్ల వస్తోంది. బెలూన్ తోలు ఒక్కటే విశ్వం, లోపలి గాలి లెక్కలో లేదని చెప్పినా పిల్లల కళ్లు గాలినే చూస్తాయి. అందుకే నేను ఎలాస్టిక్ పట్టీ వాడమంటాను.

టైలర్ల దగ్గర దొరికే రెండు సెంటీమీటర్ల వెడల్పు ఎలాస్టిక్ మీటరున్నర తీసుకోండి. రెండు చివరలా పాతిక సెంటీమీటర్లు పట్టుకోవడానికి వదిలి, మధ్య మీటరు మీద పది సెంటీమీటర్లకి ఒకటి చొప్పున 11 సేఫ్టీ పిన్నులు అడ్డంగా పెట్టండి. టేబుల్ మీద స్కేలు పక్కన పరచండి. ఇద్దరు పిల్లలు చెరో చివర పట్టుకుని మీటరుని మీటరున్నర చేయాలి. ఏ పిన్ను దగ్గర నుంచి చూసినా పక్కది 5 సెంటీమీటర్లు, రెండోది 10, అయిదోది 25 సెంటీమీటర్లు దూరం జరుగుతుంది. ఇంకో పిన్నుని "మన ఇల్లు" అనుకుని మళ్లీ కొలవమనండి, అంకెలు మారవు. పట్టీకి చివరలున్నాయి కదా అంటారు. చివరలు చేతుల్లో దాచి, మధ్య పిన్నుల మధ్యే కొలిపించండి.

తప్పు వచ్చేది చివరల దగ్గరే. వేళ్ల దగ్గర పట్టీ నొక్కుకుపోయి తక్కువ సాగుతుంది, అందుకే పాతిక సెంటీమీటర్లు వదలమన్నాను. పిన్ను గుచ్చిన చోట కూడా అల్లిక బిగుసుకుంటుంది. పెద్ద పిన్నులొద్దు.

పట్టీ వెనక వైపు స్కెచ్ పెన్నుతో అల గీయండి, శిఖరానికీ శిఖరానికీ 4 సెంటీమీటర్లు. సాగదీస్తే 6 అవుతుంది. అది జెడ్ 0.5. సూపర్‌నోవా 15 రోజులు 22 రోజులన్నర అయ్యేది కూడా ఇదే సాగుడు వల్లనని, గ్రాఫు పక్కనే ఈ పట్టీని పెడితే చూపించవచ్చు. జెడ్ 1 చూపించాలంటే పట్టీ రెట్టింపు సాగాలి. మామూలు ఎలాస్టిక్ అంత సాగితే మళ్లీ వెనక్కి సరిగ్గా రాదు, రెండో బృందానికి అంకెలు తప్పుతాయి. 0.5 దగ్గరే ఆపండి, అదనంగా రెండు పట్టీలు సిద్ధంగా ఉంచండి.